కారు కుడిపక్క

మనిషి వయసు ఎక్కడ తెలుస్తుందో గానీ, కారు వయసు నల్ల ప్లాస్టిక్‌లో తెలుస్తుంది. రేకు మీది రంగును రుద్ది మెరిపించుకోవచ్చు. బంపరు కింది భాగం, తలుపుల కింది పట్టీలు, చక్రాల మీది అంచులు, ఇవి మాత్రం ఎండకు నలుపు పోయి బూడిద పూసుకున్నట్టు తయారవుతాయి. మా బేతంచెర్ల ఎండకైతే మరీ తొందరగా. నా బాడుగ కారుకు పదకొండేళ్లు. ఇంజను గట్టిది, సీట్లు చిరగలేదు, డ్రైవరు కోపిష్టి అన్నది తప్ప ఇంకే లోపమూ లేదు. అయినా రైలు దిగి అహోబిలం పోయేవాళ్లు నా బండిని కిందినుంచి పైకి చూసి, పక్క బండి దగ్గరికి పోతారు.

షోరూములో కొత్త పట్టీల ధర అడిగి వెంటనే బయటికొచ్చాను. అంగట్లో దొరికే సీసా మందు తెచ్చి పూశాను. మొదటి వానదాకా నల్లగానే ఉంది. మా వైపు మొదటి వాన ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదు కాబట్టి చాలా రోజులు ఆ మందును మెచ్చుకుంటూ తిరిగాను. వాన పడింది, నలుపంతా చారలు చారలుగా కారిపోయింది. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అన్నది నా భార్య శివలీల. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు, అయినా నాకు కోపమొచ్చింది. నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే జరిగిన నష్టంలో సగం దానివల్లే.

అయితే ఇది నా కథ కాదు, ఏసన్న కథ.

మా ఊరి ఏసన్న, పెద్ద ఈరన్న నడిపే బండల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు పాలిష్ పట్టాడు. గనిలోంచి వచ్చిన బండను ముందు ముతక రాయితో, తర్వాత నడిమి రకంతో, ఆ తర్వాత సన్న రాయితో నీళ్లు పోస్తూ రుద్దుతారు. చివర్లో నూనెగుడ్డ తిప్పుతారు. నల్లబండ అయితే ఆ నూనె తాగి నిగనిగలాడుతుంది. రుద్దేటప్పుడు నీళ్లుంటాయి కాబట్టి దుమ్ము అంతగా లేవదు. అంచులు కోసేటప్పుడు మాత్రం పని తొందరగా కావాలని నీళ్లు పెట్టరు. అప్పుడు లేచే తెల్లదుమ్ములో ఎదురుగా ఉన్న మనిషి కనిపించడు. "మా యప్ప జుట్టు నల్లదని ఆదివారం గుడికి పోయేటప్పుడే తెలుస్తాది" అని ఆయన భార్య కృపమణి అందరితో నవ్వుతూ చెప్పేది.

తర్వాత దగ్గు పట్టుకుంది. ఏడాదిపాటు కషాయాలు తాగాడు. చివరికి కర్నూలు పెద్దాసుపత్రికి పోతే ఊపిరితిత్తుల ఫోటో తీశారు. లోపలికి పోయిన రాతిదుమ్మును బయటికి తీసే మందు లేదనీ, ఇంకా పోకుండా చూసుకోవడమొక్కటే దారి అనీ డాక్టరు చెప్పాడట. రెండేళ్లు అదే పని చేస్తే మూడో ఏడు చెయ్యడానికి మనిషి ఉండడని కూడా చెప్పాడట. ఏసన్న ఆ మాటను ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు మాకు చెప్పాడు. అప్పటికే అలిసిపోయి ఉన్నాడు, భయపడే ఓపిక కూడా లేదు.

ఫ్యాక్టరీ మానేసి, ఇంటిముందు రోడ్డు వారగా ఒక నీళ్ల పైపు, రెండు బకెట్లు, నాలుగు గుడ్డలు పెట్టుకుని బండ్లు కడగడం మొదలుపెట్టాడు. కడిగించుకునేవాళ్లు తక్కువ, సలహాలు చెప్పేవాళ్లు ఎక్కువ. వచ్చిన ప్రతివాడూ తెల్లబడ్డ బంపరు చూపించి, "దీన్ని నల్లగా చేస్తావా?" అని అడిగేవాడు. నాలుగు డబ్బులొచ్చే పని అదొక్కటే అని ఏసన్నకు అర్థమైంది. ఒకరోజు పొద్దున నన్ను ఆపాడు.

"నీ కారియ్యి ఓబుళేశా. నల్లగా చేసిస్తా."

"చెడిపోతే?"

"ఇరవయ్యారేండ్లు రాయినే అద్దం చేసినా. ఈ పలాస్టిక్కు ఎంతలేప్పా!"

నాకూ ఆ మాట సబబుగానే తోచింది. రాతికి మెరుగు పెట్టేవాడికి ప్లాస్టిక్ ఒక లెక్కా అనుకున్నాను. స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చూశాను కూడా. తనకు తెలిసిన పని తనకు తెలిసినట్టే చేశాడు. నీళ్లు పోశాడు. ముతక ఎమెరీ కాగితంతో మొదలుపెట్టి, నడిమి రకం, ఆ తర్వాత సన్న రకం, వరసగా, వేళ్లతో తడిమి చూసుకుంటూ రుద్దాడు. ఆరబెట్టాడు. శెనగనూనెలో ముంచిన గుడ్డను గుండ్రంగా తిప్పాడు. ఎడమపక్క పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఆయనకు ఊపిరి అందక చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. కుడిపక్క రేపు చేస్తానన్నాడు. ఎడమపక్క మాత్రం చూడాలి, నల్లబండలో మొహం కనిపించినట్టు కనిపించింది. నేను ఆ పూట ముగ్గురికి చూపించి ఏసన్నను పొగిడాను.

మర్నాడు పొద్దున్నే అహోబిలం కిరాయి తగిలింది. కుడిపక్క సంగతి వచ్చాక చూద్దామని బయల్దేరాను. ఆళ్లగడ్డ దాటాక రోడ్డు పని జరుగుతోంది. దిగువ అహోబిలంలో బండి ఆపేసరికి దుమ్మంతా ఆ నూనెకు అతుక్కుని ఎడమపక్క పిండిలో దొర్లించినట్టు ఉంది. దిగుతున్న పెద్దావిడ పట్టుచీర తలుపు కింది పట్టీకి రాసుకుంది. నూనే దుమ్మూ కలిసిన మరక, జానెడు పొడవు. దేవుడి దర్శనానికి ముందే నాకు ఆమె దర్శనమైంది. నా పుట్టుపూర్వోత్తరాలన్నీ తీసి తిట్టింది. వాళ్లు కొండెక్కి పోయాక సబ్బు పెట్టి కడిగాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ ప్లాస్టిక్ మీద సన్నని గరుకు ఉంటుంది, తోలు మీది గీతల్లాంటిది, అచ్చులోనే పోసింది. అదంతా అరిగిపోయింది. ఒకచోట నున్నగా, ఒకచోట గరుకుగా, బొల్లి మచ్చల్లా ఉంది. బూడిదరంగు మునుపటికంటే ఎక్కువైంది. పోయిన గరుకును మళ్లీ ఎవరూ తేలేరు.

దారిపొడుగునా కోపాన్ని పెంచుకుంటూ వచ్చాను. ఆరోజు సంత. ఏసన్న ఇల్లు సంత దారిలోనే. బండి ఆపి దిగుతూనే మొదలుపెట్టాను. జనం ఆగారు. ఆయన వచ్చి ఎడమపక్కన గొంతుక్కూర్చుని వేళ్లతో తడిమాడు. "రాయి నూనె తాగుతాది గదప్పా. ఇది తాగలే" అన్నాడు నెమ్మదిగా. తప్పు ఒప్పుకున్న మనిషిని అక్కడితో వదలాలి. నేను వదల్లేదు.

"రాయి రుద్దే చెయ్యి రాయే రుద్దల్ల! కార్లు నీకేమిటికి? పోయి రాయే రుద్దుకో పో!"

 ఆయన లేవడానికి బంపరు పట్టుకోబోయి, నా వైపు చూసి, చెయ్యి తీసేసుకుని నేలకు ఆనించి లేచాడు. అది చూసి కూడా నా నోరు ఆగలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. వారం తిరక్కుండా బేతంచెర్ల అంతా తెలిసింది. ఏసన్న కార్లు పాడుచేస్తాడన్న మాట స్థిరపడింది. నల్లబరచడం సరే, కడగడానికి కూడా బండ్లు రావడం మానేశాయి. నేను అటువైపు పోవాల్సి వస్తే వేరే సందులోంచి పోయేవాణ్ని. రెండు వారాలు అలా గడిచాయి.

ఒక శుక్రవారం పొద్దున కృపమణి మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మని శివలీల ఎంత చెప్పినా రాలేదు, గడప దగ్గరే నిలబడింది.

"ఓబుళేశా, ఈరన్న కబురంపినాడు. మళ్లా పనిలేకి రమ్మన్నాడు. సోమవారం పోతాండాడు మీ అన్న."

"డాక్టరు వద్దన్నాడు గదా వదినా!"

"డాక్టరు వద్దన్నాడు, నువ్వు పొమ్మన్నావు. ఊరంతా నీ మాటే విన్నారు."

 శివలీల నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"నేను చెప్తే వినల్యా. ఇంట్లో కూచుని సచ్చేదానికంటే పనిచేసి సచ్చేది మేలంటాడు. నేను ఏడ్సేదానికి రాలేదప్పా. బజార్లో అన్న మాట బజార్లోనే వెనక్కు తీసుకో. అంతే నేనడిగేది."

"ఏమని తీసుకోవల్ల? బాగా చేసినాడని అబద్ధం చెప్పల్లనా?"

"అబద్ధమేమిటికి? నీ కారుకు కుడిపక్క ఉండాది గదా. అది చేయించు."

ఆమె పోయాక చాలాసేపు గడప మీదే కూర్చున్నాను. ఎడమపక్క పాడైన కారు కుడిపక్కను మళ్లీ అదే చేతికి ఇవ్వాలి, అదీ పదిమందిలో. మళ్లీ పాడైతే ఆయన సోమవారం పోవడం ఖాయం. నా బండి రెండుపక్కలా చెడడం అదనం. కానీ నా బండి ఎంత? ఒక మనిషి రెండేళ్లు ఎంత?

శనివారం పొద్దున్నే పోయాను. ఏసన్న ఇంటి ముందు గోడకు ఒక విరిగిన బంపరు ముక్క ఆనించి ఉంది, పాత సామాన్ల గుజరీ అంగట్లో కొన్నదట. దానిమీద గళ్లు గళ్లుగా ఎన్నో రకాల ప్రయత్నాలు. కొబ్బరినూనె ఒకచోట, బూట్ల పాలిష్ ఒకచోట, ఆముదం ఒకచోట. అన్నీ తెల్లబడ్డాయి. ఒక మూల మాత్రం అరచెయ్యంత మేర కొత్తదానిలా నల్లగా ఉంది. గరుకు గరుకుగానే ఉంది.

"ఇదేంది ఏసన్నా?"

ఆయన చెప్పడానికి ఇష్టపడలేదు. నేను కదలకపోయేసరికి విసుగ్గా చెప్పాడు. బండలో చీలిక వస్తే మందు పోసి పూడ్చే ముందు తడి ఆరడానికి వేడిగాలి మిషను పడతారు. ఫ్యాక్టరీలో పారేసిన పాత మిషనొకటి ఆయన వైరు మార్చి ఇంట్లో పెట్టుకున్నాడు. బంపరు ముక్కను కడిగి, ఇంకో నూనె పూద్దామని, అలవాటు కొద్దీ ఆ మిషను పట్టాడు. గాలి తగిలినంత మేర నల్లబడింది.

"లోపలున్నెది పైకొచ్చిందప్పా. పైనుంచి పోసేది గాదు ఇది. రాయి తీరు వేరే, దీని తీరు వేరే. నీ కారు చెడిపినంక తెలిసె నాకు."

"మరి ఎవురికీ చెప్పలేదేమన్నా?"

"ఎవురికి చెప్పల్ల? ఎవురు కారిస్తారు?"

"నేనిస్తా. పా స్టేషన్‌కాడికి. డ్రైవర్లంతా ఆడనే ఉంటారు."

"ముట్టను. ఒకసారి చాలు."

"నువ్వు ముట్టకపోతే నేనే ఆ మిషను తీసుకోని చేసుకుంటా. బొక్క పడితే నీదే పాపం."

నవ్వలేదు గానీ లేచాడు. పక్కనే కరిగి చుట్టుకుపోయిన ఒక మచ్చ చూపించి, ఒకేచోట ఆపితే ఇలా అవుతుందని చెప్పాడు. మిషను తెచ్చాడు. తడి తువ్వాలు మొహానికి చుట్టుకున్నాడు.

స్టేషన్ బయట టీ కొట్టు ప్లగ్గుకు వైరు పెట్టాం. రైలు టైము కాలేదు కాబట్టి డ్రైవర్లందరూ ఖాళీగానే ఉన్నారు. "ఈసారి బండినంతా అరగదీస్తాడు సూడు" అన్నాడొకడు. నేను కళ్లు పెద్దవి చేసి చూస్తే తగ్గాడు. ఏసన్న కుడిపక్కను రెండుసార్లు నీళ్లతో కడిగి, సందుల్లోని మట్టి కూడా పోయేదాకా బ్రష్షు కొట్టి, పొడిగుడ్డతో తుడిచాడు. కాగితం లేదు, నూనె లేదు. వెనక చక్రం అంచు దగ్గర మిషను పెట్టి, జానెడు దూరం నుంచి, ఎక్కడా ఆపకుండా, మెల్లగా అటూ ఇటూ కదిలించాడు. కాసేపు ఏమీ కాలేదు.  అప్పుడు ఎండిన మడిలోకి నీళ్లు పారినట్టు నలుపు కదిలింది. మిషను ఎటు పోతే అటు బూడిదరంగు పోయి నలుపు వచ్చింది. డ్రైవర్లు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి వంగారు. ఎవరో వేలు పెట్టబోతే ఏసన్న మోచేత్తో నెట్టాడు.

మధ్యలో రెండుసార్లు ఆగాడు. మిషను ఆపి, తువ్వాలు తీసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చాడు. ఆ శబ్దం అందరికీ వినిపించింది. ఎవరూ తొందర చెయ్యలేదు. గంటన్నరకు కుడిపక్క పూర్తయింది. కారు కొన్న రోజు ఎలా ఉందో అలా ఉంది, గరుకు గీతతో సహా.

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను.  "మొన్న సంతలో నేనన్న మాట తప్పు. తెలీని పని ఆయప్ప చేతికిచ్చింది నేనే, చెడిపోతే తిట్టింది నేనే. ఎడమపక్క చూడండి, కుడిపక్క చూడండి. ఇంగ మీ ఇష్టం." నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజు ఊరు నాకంటే మంచిదే అనిపించింది. ముగ్గురు తమ బండ్లు తెస్తామన్నారు. ఎన్నాళ్లుంటుందని ఒకడు అడిగాడు.

"ఆర్నెల్లో, ఏడాదో. నాకే సరిగ్గా తెల్దు. మళ్లా చేస్తే మళ్లా వస్తాది, కానీ ఎన్నోసార్లు రాదు" అన్నాడు ఏసన్న. అబద్ధమాడే ఓపిక కూడా ఆయనకు లేదు.

సరిగ్గా అప్పుడే పెద్ద ఈరన్న వచ్చాడు, ఎవరో బంధువును రైలెక్కించడానికి. గుంపు చూసి కారు దిగాడు. ఫ్యాక్టరీ ముందు ఎండలో నిలబడే కారు కాబట్టి దాని నల్ల పట్టీలన్నీ తెల్లబడ్డాయి. నా బండి చుట్టూ తిరిగి, కుడిపక్క చూసి, తల ఊపాడు. ఈరన్న చెడ్డవాడు కాదు. ఆయన మనిషికంటే పనే ముందు చూస్తాడు గానీ, ఏసన్న మీద అభిమానం మాత్రం నిజమైనదే.

"బాగుండాది ఏసా! శానా బాగుండాది. ఇంగ నువ్వు మిషను కాడ నిలబడొద్దులే. నా కార్లుండాయి, లారీలుండాయి, అవి చూసుకో. ఫ్యాక్టరీ షెడ్డులోనే నీడపట్టున కూచోని చేసుకో. నెల నెలా జీతమిస్తా. సోమవారం వస్తావు గదా?"

డ్రైవర్లు ఏసన్న వైపు చూశారు. నేనూ చూశాను. నీడ, జీతం, రుద్దుడు లేని పని. మూడు బండ్లు తెస్తామన్నవాళ్లు తెస్తారో లేదో ఎవరికి తెలుసు? ఒప్పుకుంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ షెడ్డుకు పది గజాల్లో అంచులు కోసే మిషన్లు ఉన్నాయి. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా ఆ షెడ్డు పైకప్పు మీద, నేల మీద, తాగే నీళ్ల కుండ మూత మీద తెల్లదుమ్ము పేరుకుంటూనే ఉంటుంది. ఆ సంగతి ఈరన్నకూ తెలుసు. ఏళ్ల తరబడి చూస్తున్నాడు కాబట్టి ఆయనకది దుమ్ములా కనపడదు.

ఏసన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు, ఫ్యాక్టరీలో నిలబడ్డట్టే. మాట మాత్రం వేరే వచ్చింది.

"కారుకు చక్రాలుండాయి సార్. అదే మా ఇంటికాడికి రావల్ల. నాకుండేది రోంత ఊపిరి. దాన్ని తీసుకోని మీ గేటు లోపలికి రాలేను."

ఈరన్న మొహం ఒక్క క్షణం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఇన్నేళ్లలో ఏసన్న ఆయనకు కాదు అన్న మొదటి మాట అదే అనుకుంటాను. రైలు కూత వినబడింది. ఆయన బంధువు పిలిచాడు. "సరేలే" అని మాత్రం అని లోపలికి పోయాడు. కారు పంపుతానని అనలేదు, పంపనని అనలేదు.

గుంపు చెదిరింది. ప్రయాణికులు దిగుతున్నారు, డ్రైవర్లు గేటు వైపు పరుగెత్తారు. నేను పోలేదు. ఏసన్న మిషను వైరు సగం చుట్టి వదిలేశాడు. నా కారు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

"తప్పు చేసినానా ఓబుళేశా? కృపమణికి ఏం చెప్పల్ల?"

 పక్కన కూర్చుని వైరు నేనే చుట్టాను. మా స్టాండులో ఉండేవి తొమ్మిది బండ్లు. సంవత్సరానికి ఒక్కోదానికి ఒకటి రెండుసార్లకు మించి ఈ పని పడదు. నాకా సంగతి తెలుసు, ఆయనకూ తెలుసు.

"ఆళ్లగడ్డలో మా తమ్ముని బండి ఉండాది. నాదానికంటే అధ్వానం. రేపు ఆదివారం గదా, సోమవారం తెప్పిస్తా" అన్నాను.

 ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు.

"పొద్దున్నే రమ్మనప్పా. ఎండెక్కితే నాతో కాదు."